తోట ఇచ్చాడు, గద్దె దిగలేదు

ఏలూరు తంగెళ్ళమూడిలో కాపురముంటున్నవాడను, కాలం చేసిన మీర్ హైదర్ అలీ గారి రెండో కుమారుడను, కాలేజీలో హిస్టరీ లెక్చరరుగా పనిచేసి రిటైరైనవాడను, డెబ్భై ఒక్క సంవత్సరముల వయసు గల మీర్ బాఖర్ అలీ అను నేను, నా ఇష్టపూర్తిగా రాసి ఉంచుకుంటున్న వీలునామా.

నాకు మతి స్థిమితంగా ఉంది. ఈ మాట రాసి తీరాలని మా లాయరు సత్యనారాయణమూర్తి గారు పట్టుబట్టారు. గుండెకి స్టెంటు వేశారు గాని బుర్రకి ఎవరూ ఏమీ వెయ్యలేదండీ అన్నాను. అయినా రాయమన్నారు. నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. మా ఆవిడ సకీనా పక్క గదిలోంచి "ఇంకా ఎంత రాస్తారండీ, అన్నం చల్లారిపోతోంది" అంటోంది. దాన్ని ఒత్తిడి కింద జమకట్టరాదు.

ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. కాయితం మాత్రం తెలుగులో రాస్తున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు తెలుగులో పాఠం చెప్పినవాడికి సంజాయిషీ కూడా తెలుగులోనే వస్తుంది. మావాళ్ళ మాటలు కూడా తెలుగులోనే పెడుతున్నాను. ఇంతకు ముందు నేను రిజిస్టరు చేయించిన వీలునామా ఏదీ లేదు. మూడు చిత్తులు మాత్రం రాశాను, మూడూ చింపేశాను. ఎందుకు చింపానో ఆరో క్లాజులో ఉంటుంది.

1. మా మత చట్టం ప్రకారం నా ఆస్తిలో మూడో వంతు మీద మాత్రమే నా పెత్తనం. మిగతా రెండు వంతులు ఎవరికెంతో దేవుడే పంచిపెట్టేశాడు, ఆయనకు నా వీలునామాతో పని లేదు. ఈ కింద రాసిన చిన్నచిన్న వస్తువులు పోను, ఆ మూడో వంతు మొత్తం నా భార్య సకీనా బేగానికి రాసి ఇస్తున్నాను. ఇంటి ముందు గది, అరుగు, కరివేపాకు చెట్టు ఉన్న పెరడు ఆమె వంతులోకే రావాలి. భార్య ఎలాగూ వారసురాలే కదా, ఆమెకు మళ్ళీ విడిగా రాయడమేమిటని ఎవరైనా అడిగితే, మా షియా చట్టంలో రాసుకోవచ్చునని చెప్పండి. సకీనా నలభై నాలుగేళ్ళుగా నా పుస్తకాల దుమ్ము దులుపుతోంది, ఒక్క పుస్తకం కూడా చోటు తప్పనివ్వలేదు. మా ఇంట్లో నాకంటే మంచి లైబ్రేరియన్ ఆవిడే. ఈ సంగతి ఆమె మొహం ముందు ఎప్పుడూ అనలేదు. నా తప్పే.

2. నాకు ఒక్కతే కూతురు కుల్సుమ్, తాడేపల్లిగూడెంలో స్కూలు టీచరు. సకీనాకు చట్టం ఇచ్చే వంతు పోను మిగిలినదంతా ఆమెది. కూతురుండగా అన్నదమ్ములకు వాటా రాదు, ఇదీ మా చట్టమే. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా కుల్సుమ్‌దే. అమ్మాయి నాకంటే నెమ్మది, కాని మొండితనం మాత్రం నాదే వచ్చింది. పదమూడేళ్ళప్పుడు నా పాఠంలో ఒక యుద్ధం తారీఖు తప్పని చెబితే ఒంటికాలి మీద లేచాను. తరవాత చూసుకుంటే దానిదే రైటు. ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నానమ్మా, ఆ యుద్ధం 1565లోనే జరిగింది.

3. పెరటి షెడ్డులోని తివాచీ మగ్గం, దారపు ముడులను కొట్టి బిగించే ఇనప దువ్వెన, నాన్న గారి కత్తెర మా దగ్గర తివాచీలు నేసే విజయకుమారికి చెందాలి. ఆ మగ్గం మీద ఇవాళ్టికీ కూర్చుని నేస్తున్నది ఆవిడొక్కతే. మా తాతముత్తాతలు ఎక్కడో పర్షియా నుంచి ఈ పని పట్టుకొచ్చారని మా ఇంట్లో గొప్పలు పోయేవాళ్ళం. గొప్పలు మావి, వేళ్ళు కాయలు కాచింది ఆవిడకు. నాన్న గారు నన్ను మగ్గం దగ్గరకు రానిచ్చేవారు కాదు. నేను వేసిన ముడి చూసి "వీణ్ణి కాలేజీలో పడెయ్యండి, అక్కడ ఎవరూ తడిమి చూడరు" అన్నారు. అన్నయ్య ముడి వేస్తే మాత్రం అరచెయ్యి ఆనించి చూసి మురిసిపోయేవారు. ఆ ఉక్రోషం నాకు చాలా ఏళ్ళుంది. ఇప్పటికీ కొంచెం ఉన్నట్టే ఉంది.

4. కాలేజీలో అటెండరుగా చేసి రిటైరైన ఎలీయాజరుకు నా పెద్ద గొడుగు, గడియారం. పెదపాడు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి నాకంటే ముందు క్లాసు గది తలుపులు తీసినవాడు. చర్చిలో సండే స్కూలు చెప్పే మనిషి, మా మొహర్రంలో షర్బతు పంచిపెట్టే మనిషీ అతనే. ఇక 1991లో నా అట్లాసు పట్టుకెళ్ళి ఈనాటికీ తిరిగి ఇవ్వని జాగ్రఫీ చలపతిరావు గారికి ఆ అట్లాసే రాసి ఇచ్చేస్తున్నాను. అడిగినప్పుడల్లా "రేపు తెస్తానండీ బాఖర్ గారూ" అనేవారు. ఇక తేనక్కర్లేదండీ.

5. నా మంచం కింద రేకు పెట్టెలో నాలుగు వందల పదహారు పేజీల రాతప్రతి ఉంది. ముప్ఫై ఏళ్ళు రాశాను. ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ అనే రాజు గురించి. పదమూడు వందల ఏళ్ళ కిందట, ఉమయ్యా వంశంలో, డమాస్కస్‌లో రెండున్నరేళ్ళు ఏలాడు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ప్రవక్త వారి తరవాత నాయకత్వం వారి అల్లుడు అలీ గారిది, ఆయన సంతానానిది అని మా షియాల నమ్మకం. ఆ చోటును ఉమయ్యాలు ఆక్రమించారు. అలీ గారి కొడుకు హుసేన్ గారిని, గుక్కెడు నీళ్ళు కూడా అందనివ్వకుండా, కర్బలాలో చంపింది ఆ వంశపు రాజు సైన్యమే. అంతటితో ఊరుకోలేదు. మసీదుల్లో ప్రసంగ వేదికల మీంచి అలీ గారిని తిట్టడం ఒక ఆచారంగా నడిపారు. పిల్లలు ఆ తిట్లు వింటూ, తామూ తిడుతూ పెరిగారు. ఈ ఉమరు కూడా అలాగే పెరిగాడు. గద్దె ఎక్కాక ఒక్క ఉత్తరువుతో తిట్లు ఆపించాడు. ఆ చోట "న్యాయం చెయ్యండి, మేలు చెయ్యండి" అనే ఖురాను వాక్యం చదివించాడు. ఫదక్ అని ఒక తోట ఉండేది, ప్రవక్త వారి కూతురు ఫాతిమా గారిదని మేమంటాం. చేతులు మారి మారి తన వంశానికి చేరిన ఆ తోటను ఆమె సంతతికి తిరిగి ఇచ్చాడు.

మరి ఇలాంటివాణ్ణి మెచ్చుకోవాలా, వద్దా? మా పెద్దల్లోనే రెండు మాటలున్నాయి. ఆ వంశం మొత్తానికి మనిషన్నవాడు ఇతనొక్కడే అన్నది ఒకటి. ఇతను పోతే భూమ్మీది వాళ్ళు ఏడుస్తారు, ఆకాశంలోని వాళ్ళు శపిస్తారు అని అలీ గారి వంశంలోని మా ఇమాము గారు ముందుగానే చెప్పారన్నది రెండోది. మంచివాణ్ణి ఎందుకు శపించడం? తనది కాని చోట కూర్చున్నాడు గనక.

నా నాలుగు వందల పదహారు పేజీలూ మొదటి మాట వైపే. కుల్సుమ్‌కు ఇష్టమైతే అచ్చు వేయించవచ్చు. ఒక షరతు. నా మొదటి పేజీ కంటే ముందు ఈ కింది క్లాజు మొత్తం అచ్చు కావాలి. అది లేకుండా పుస్తకం బయటికి రాకూడదు.

6. మా వీధి చివర ఆశూర్‌ఖానా ఉంది. ఊళ్ళో అందరూ పీర్ల చావిడి అంటారు. తివాచీలు నేసిన మా పూర్వీకులు కట్టుకున్నది. అందులో హుసేన్ గారి జెండాకు గుర్తుగా వెండి అలం ఒకటి ఉంది. మొహర్రం పదో రోజున దాన్ని మా ఇంటి పెద్ద కొడుకు భుజానికెత్తుకుని తమ్మిలేరు దాకా తీసుకెళ్ళాలి. చావిడి పెత్తనం కూడా పెద్ద కొడుకుదే. నాన్న గారి తరవాత అది మా అన్నయ్య మీర్ కాజిం అలీది.

1984 మొహర్రంలో, ఆరో రోజు సాయంత్రం, చావిడిలో నేను ప్రసంగం చేశాను. చుట్టుపక్కల హిందువులు, క్రైస్తవులు కూడా వచ్చి కూర్చుంటారని ఆ ఒక్క ప్రసంగం తెలుగులో పెట్టేవాళ్ళం. మాటల్లో ఈ రాజు ప్రస్తావన తెచ్చాను. తిట్లు ఆపించినవాడు, తోట తిరిగి ఇచ్చినవాడు, శత్రువుల్లోనూ న్యాయం తెలిసినవాడు ఉంటాడు అన్నాను. నిజం చెప్పాలంటే, నా చదువు నలుగురికీ చూపించుకోవాలన్న దురద కూడా ఉంది. అన్నయ్య ముందు వరసలోంచి లేచాడు. "హుసేన్ పేరు మీద ఏడవడానికి వచ్చినవాళ్ళకి ఆ ఇంటివాణ్ణి పొగిడి వినిపిస్తావా? మంచివాడేరా, కాదనను. కూర్చున్నది ఎవరి చోట్లో? అది చెప్పు ముందు" అన్నాడు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "నువ్వు తివాచీలు నెయ్యి, చరిత్ర నాకు వదిలెయ్యి" అన్నాను, వందమంది ముందు, నాకంటే ఏడేళ్ళు పెద్దవాణ్ణి, నన్ను భుజాన మోసినవాణ్ణి. అన్నయ్య చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

పదో రోజు పొద్దున అలం ఎత్తడానికి రాలేదు. నేను వెళ్ళి పిలవలేదు. జనం ఎదురు చూస్తున్నారు, ఎండెక్కుతోంది. నేనే ఎత్తాను.

మరుసటి ఏడు చావిడి వివరాలు రాసుకుపోవడానికి సర్వే వాళ్ళు ఫారం పట్టుకొచ్చారు. అప్పటికి అన్నయ్య మగ్గం మానేసి కైకలూరు వెళ్ళిపోయి, చేపల వ్యాపారులకు ఐసు అమ్మే కొట్టు పెట్టుకున్నాడు. పెత్తందారు పేరు అని ఒక గడి ఉంది. ఒక్క బస్సు ఎక్కితే కైకలూరు, ఒక్క ముక్క అడిగితే అయిపోయేది. ప్రస్తుతానికి అనుకుని నా పేరు రాసి సంతకం పెట్టాను. ప్రస్తుతానికి అనుకున్నది ఇరవై మూడేళ్ళు నడిచింది. ఆ సంగతి తెలిశాక అన్నయ్య కోర్టుకు పోలేదు, పంచాయితీ పెట్టలేదు. ఒక కార్డు రాశాడు. అందులో ఒకటే వాక్యం: "నీ రాజుకి తగినవాడివయ్యావు." కోపంతో కార్డు విసిరి కొట్టాను. సకీనా తీసి దాచింది.

ఈ ఇరవై మూడేళ్ళూ చావిడి బాగా నడిపానండీ, ఎవరైనా సరే అంటారు. కారే పైకప్పు బాగు చేయించాను. కుళాయి వేయించాను. ఆడవాళ్ళు కూర్చోడానికి వేరే వసారా కట్టించాను. అలం పిడి వదులైతే దగ్గరుండి బిగించాను. మీరుండబట్టి గాని మాస్టారూ, అని జనం అంటుంటే తల ఊపుకుంటూ వచ్చాను. అన్నయ్య మాత్రం ప్రతి ఏడూ మొహర్రం పదో రోజున కైకలూరు నుంచి మొదటి బస్సుకు వచ్చి, చావిడి ఎదురుగా రోడ్డు అవతల, కాళ్ళకు చెప్పులు లేకుండా నిలబడి గుండెలు బాదుకుని వెళ్ళేవాడు. గడప తొక్కలేదు. ఎలీయాజరు చేత షర్బతు పంపేవాణ్ణి. హుసేన్ గారి పేరున ఇచ్చిన నీళ్ళు కాదనకూడదు కాబట్టి తాగేవాడు. గ్లాసు ఎలీయాజరు చేతికే ఇచ్చేవాడు. నేను లోపల్నుంచి చూసేవాణ్ణి, అలం నా భుజాన ఉండేది. ఏ ఒక్క ఏడూ రోడ్డు దాటలేదు నేను. అది తల్చుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

ఇక చిత్తుల సంగతి. మొదటి చిత్తులో పెత్తనం నా అల్లుడికి రాశాను. సత్యనారాయణమూర్తి గారు చదివి, "బాఖర్ గారూ, ఏ ఆస్తి రాసినా అది మీకు ఎలా సంక్రమించిందో రాయాలి కదండీ. ఇల్లు పిత్రార్జితం అన్నారు, పుస్తకాలు స్వార్జితం అన్నారు. ఈ పెత్తనం మీకెలా వచ్చిందని రాయమంటారండీ?" అని అడిగారు. పాపం ఆయన మామూలుగానే అడిగారు. ఆ చిత్తు అక్కడే చింపేశాను. ముప్ఫై ఏళ్ళు పరాయి రాజు హక్కు గురించి రాసినవాడికి తన హక్కు గురించి ఒక్క వాక్యం తోచలేదు.

రెండో చిత్తులో అన్నయ్య కొడుకు పేరు పెట్టాను. అదీ కాదనిపించింది, తండ్రి బతికుండగా కొడుక్కివ్వడానికి నేనెవణ్ణి? మూడో చిత్తులో "నా తదనంతరం మా అన్నయ్యకు" అని రాశాను. ఎంత ధర్మంగా ఉందో అని నాకు నేనే మురిసిపోయి, అది పట్టుకుని గడిచిన ఆదివారం కైకలూరు బస్సెక్కాను.

అన్నయ్య ఐసు కొట్టులో ఊకబస్తా మీద కూర్చుని ఉన్నాడు. కాయితం చేతికిచ్చాను. కళ్ళజోడు సవరించుకుని అంతా చదివాడు. చదివి అన్నాడు: "నాకు డెబ్భై ఎనిమిది. నీ తరవాత నాకా? బాగుందిరా. అయినా చచ్చాక ఇస్తే ఇచ్చింది నువ్వు కాదు, చావు. నీకు ఇవ్వాలనుంటే బతికుండగా దిగు." అని కాయితం మడిచి నా జేబులో పెట్టి, టీ తెప్పించాడు.

తిరుగు బస్సులో నా పుస్తకం మొత్తం నాకు కొత్తగా అర్థమైంది. ఆ రాజు తోట ఇచ్చాడు, గద్దె దిగలేదు. గద్దె తన వంశానికే వదిలి చచ్చిపోయాడు. తరవాత ఆ గద్దె ఎక్కినవాడు తోటను మళ్ళీ లాక్కున్నాడు. ఇది నా మూడు వందల ఎనభయ్యో పేజీలోనే ఉంది, నా చేత్తో నేను రాసిందే. దురదృష్టం అని రాసి ఊరుకున్నాను. దురదృష్టం కాదు, ఆయన చేసిన పనిలోనే ఉంది ఆ లోపం. చోటు ఎవరిదో వాళ్ళకి ఇవ్వకుండా చేసిన మంచి, తరవాతివాడి దయాదాక్షిణ్యాల మీద ఉంటుంది. అన్నయ్య ఆ రోజు చావిడిలో లేచి అడిగిన ప్రశ్న ఇదే. నేను దానికి తివాచీల మాట ఎత్తి జవాబిచ్చాను.

ఇంత అయ్యాక కూడా ఆ రాజు మీద నాకు ప్రేమ పోలేదు. పసితనంలో తన చేత పలికించిన తిట్లను పెద్దయ్యాక ఊరంతటి నోటా ఆపించడం చిన్న పని కాదు. భూమ్మీద ఏడ్చేవాళ్ళలో నేనూ ఉంటాను. శపించేవాళ్ళ మాటలో నిజముందని మాత్రం ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఇదే నా పుస్తకానికి ముందు అచ్చు కావలసిన మాట.

7. కాబట్టి ఆశూర్‌ఖానా పెత్తనం గురించి ఈ వీలునామాలో ఏమీ రాసి ఇవ్వడం లేదు. నాది కానిది రాయడానికి లేదు. ఈ రోజు మాకు గదీర్ పండుగ, నా తరవాత నాయకుడు అలీ అని ప్రవక్త వారు చెయ్యెత్తి చూపిన రోజు. ఈ రోజు పొద్దున పది గంటలకు, ఆ ఫారంలో నా పేరు తీసి మా అన్నయ్య పేరు రాయవలసిందిగా అర్జీ మీద సంతకం పెట్టాను. అర్జీలో కారణం అనే చోట "మొదట రాసినది తప్పు" అని రాశాను. లాయరు గారు "వయోభారం వల్ల అని పెడదామండీ, మర్యాదగా ఉంటుంది" అన్నారు. వద్దన్నాను. తరవాత, కబురు పెడితే కైకలూరు నుంచి వచ్చిన అన్నయ్యను చావిడికి తీసుకెళ్ళి తాళం చెవులు చేతిలో పెట్టాను. ఇరవై నాలుగేళ్ళకు గడప తొక్కి లోపలికి వచ్చాడు. వసారా చూశాడు, కుళాయి తిప్పి చూశాడు, పైకి చూసి "ఆ ఫ్యాను అలం ఎదురుగా ఎవడు పెట్టమన్నాడు?" అన్నాడు. తరవాత అలం ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడి నేనూ ఏడ్చాను.

ఇంకో పన్నెండు రోజుల్లో మొహర్రం నెల మొదలు. ఈ ఏడు అలం ఎవరు ఎత్తుతారో నాకు తెలియదు. నేను అడగలేదు. దిగినవాడు దిగినట్టుండాలి. ఎత్తడానికి ఇంకెవరైనా వస్తే నేను రోడ్డు అవతల నిలబడతాను. నా చుట్టాలు గాని స్నేహితులు గాని ఈ విషయంలో అన్నయ్య దగ్గరకు వెళ్ళి నా తరఫున సిఫార్సు చెయ్యరాదు. సకీనా ముఖ్యంగా.

8. నా సమాధి మీద పేరు, తారీఖులు చాలు. లెక్చరరు అని, పెత్తందారు అని ఏమీ చెక్కించవద్దు.

పైన రాసినదంతా నేను స్వయంగా చదువుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను. వీలునామాలో ఏదైనా పుచ్చుకునేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకపోవడం మంచిదని లాయరు గారు చెప్పారు. చూస్తే నా వాళ్ళలో నా నుంచి ఏమీ పుచ్చుకోనివాడు ఒక్కడే కనిపించాడు. అడిగితే సరేనన్నాడు.

ఏలూరు, 2008 డిసెంబరు 17, బుధవారం.

(సంతకం) మీర్ బాఖర్ అలీ

సాక్షులు:

1. వి. సత్యనారాయణమూర్తి, అడ్వకేటు, ఏలూరు. వీలునామా అంతా కర్త స్వదస్తూరి. నా ఎదుట సంతకం చేశారు.

2. మీర్ కాజిం అలీ, ఐసు వ్యాపారం, కైకలూరు. నా ఎదుట సంతకం చేశాడు. అంతా చదివాను. ఆ రాజు విషయంలో నా మాట మారలేదు. అలం మొయ్యడానికి నా భుజం ఇక పనికిరాదు. పదో రోజు పొద్దున్నే తమ్ముడు వచ్చి ఎత్తాలి, నేను ముందు నడుస్తాను.